బయటి గడియ

శాసనసభ్యుల క్వార్టర్లు, రెండో అంతస్తు. పొద్దున పదిన్నర దాటింది. పడకగది తలుపుకి బయట గడియ పడి ఉంది. లోపల సభ్యురాలైన కోడలు. బయట ముక్కాలిపీట వేసుకుని అత్త, ఆవిడ పక్కన నేల మీద బొమ్మలు గీసుకుంటూ ఎనిమిదేళ్ళ మనవరాలు.

“బిగుసుకుపోలేదమ్మాయ్, ఊరికే ఆ తలుపుని బాదకు. గడియ నేనే పెట్టాను.”

“మీరా? ఎందుకు?”

“ఎందుకో నీకు తెలుసు.”

“అత్తయ్యా, ఇది సరదాలకి సమయం కాదు. పదకొండుకి అటూ ఇటూగా గంట కొడతారు. తియ్యండి.”

“సరదానా? ఈ మోకాళ్ళతో ముక్కాలిపీట ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డంగా కూర్చున్నది సరదాకా? బట్టలు మార్చుకొస్తానని నువ్వు లోపలికెళ్ళావు చూడు, అప్పుడు పెట్టాను. గడియ తుప్పు పట్టి ఉంది. కొబ్బరినూనె రాసి మరీ పెట్టాను.”

“ఎప్పుడు రాశారు?”

“నిన్న సాయంత్రం.”

“నిన్నటి నుంచీ అనుకుంటున్నారా!”

“నాలుగు రోజుల నుంచీ అనుకుంటున్నా. నిన్న నూనె రాశా.”

“నా ఫోనివ్వండి. పోనీ తలుపు కింద నుంచి తొయ్యండి.”

“ఫోను లేదు.”

“నాన్నమ్మా, దిండు మోగుతోంది!”

“నోర్ముయ్యవే. నీ బొమ్మ నువ్వు గీసుకో.”

“నా ఫోను దిండులో పెట్టారా? పాప బడికెళ్ళలేదా? పాపా, నువ్వింట్లోనే ఉన్నావా?”

“నాన్నమ్మ జ్వరమని చెప్పమందమ్మా. నాకు జ్వరం లేదు.”

“ఇదిగో, ఇద్దరూ ఒక్కసారి మాట్లాడకండి. పాప బడికి పోలేదు, నువ్వు సభకి పోవు. ఈ పూట గడిచిపోతే మధ్యాహ్నం నేనే గడియ తీసి నీ కాళ్ళు పట్టుకుంటా. అప్పుడు తిట్టు. ఇప్పుడు మాత్రం తియ్యను.”

“అత్తయ్యా, సరిగ్గా వినండి. గంట మొదలయ్యాక పది నిమిషాలే. పది నిమిషాల తర్వాత గంట ఆగుతుంది, సభ తలుపులు మూసేస్తారు. లోపల ఉన్నవాళ్ళదే ఓటు. ఆ తర్వాత నేను గుమ్మం ముందు దొర్లినా తియ్యరు.”

“ఈ వరండాలో మోగే గంట సంగతి నాకు చెప్తావా? మొదటిసారి మోగినప్పుడు కొంపలంటుకున్నాయనుకుని పాపని చంకనేసుకుని రెండంతస్తులు దిగాను. కింద నిలబడి నీళ్ళు, నీళ్ళు అని అరిచాను. ఎంతమంది నవ్వారని! ఇప్పుడు అది మోగితే వీళ్ళెవరో పరిగెడతారులే అనుకుంటాను. ఇవాళా అంతే అనుకుంటాను.”

“ఇవాళ రంగుల ఫ్యాక్టరీ మీద కమిటీ ఇచ్చిన రిపోర్టుకి ఓటింగు!”

“తెలుసు. అందుకేగా గడియ.”

“ఏం జరిగింది అత్తయ్యా? ఎవరైనా వచ్చారా? ఎవరొచ్చారు?”

“నాలుగు రోజుల నాడు. నువ్వు సభలో ఉన్నావు. చేతిరుమాలాయన వచ్చాడు.”

“చేతిరుమాలాయనెవరు?”

“పేరు చెప్పలేదు. పేరు చెప్పనివాళ్ళకి నేను పెట్టిందే పేరు. కూర్చున్నంతసేపూ చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. తెల్లగా మల్లెపువ్వులా ఉంది రుమాలు. ఇంత శుభ్రమైన మనిషి ఏం ముట్టుకొచ్చాడో అనుకున్నా. పాప నీళ్ళ సీసా తెచ్చాడు.”

“ఏ సీసా?”

“పచ్చది. బడిలో పోయిందని ఏడ్చిందే, అదే. ‘పాప మర్చిపోయిందండీ పెద్దమ్మగారూ, ఊరికే ఎందుకని నీళ్ళు కూడా నింపి తెచ్చాను’ అన్నాడు. ఎక్కడి నీళ్ళు నాయనా అన్నాను. ‘మా ఫ్యాక్టరీ బావివేనండి’ అని నవ్వాడు.”

“అత్తయ్యా…”

“తాగించలేదులే! కుండీలో పోద్దామనుకుని, మొక్క చేసిన పాపమేంటని బాత్రూంలో పారబోశాను. సీసా నాలుగుసార్లు తోమాను. తోమి తోమి బయట పారేశాను. నీకెందుకు చెప్పలేదంటే… కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చెప్పలేదు. నువ్వు అసలే తిండి మానేశావు.”

“ఇంకేమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పండి.”

“‘ఓటింగు రోజున మీ కోడలుగారు జాగ్రత్తగా ఉండాలి, మీరు పెద్దవారు, చెప్పండి’ అన్నాడు. చెప్పడం నాకు చేతకాలేదు. గడియ పెట్టడం చేతనైంది.”

“వెళ్ళొద్దన్నాడా?”

“అది వెళ్ళొద్దనడం కాక మరేంటి?”

“అనలేదుగా! సభకి వెళ్ళొద్దని అనలేదుగా!”

“ఓసి నా తల్లీ, వాడేమైనా శుభలేఖ అచ్చేయించి చెప్తాడా? సీసా తెచ్చినవాడు సీసాతోనే చెప్పాడు. పాప కూర్చునే బెంచీ దాకా వాడి చెయ్యి వెళ్ళిందని చెప్పాడు. నాకు అక్షరాలు సరిగ్గా రాకపోయినా ఆ రాత వచ్చు.”

“మీరు పొరబడ్డారు. తియ్యండి. నేను వెళ్ళకపోతేనే…”

“వెళ్ళకపోతేనే?”

“ఏం లేదు. తియ్యండి.”

“ఏం లేదంటే ఏదో ఉన్నట్టే.”

“అత్తయ్యా, మీకు తెలీక చేస్తున్నారు. సభ్యురాల్ని సభకి వెళ్ళకుండా ఆపడం నేరం. సభాహక్కుల ఉల్లంఘన అంటారు. ఓటింగు రోజున పోలీసులు కూడా నా దారికి అడ్డం నిలబడకూడదు. ఎవరైనా సరే.”

“అత్తైనా?”

“అత్తైనా.”

“ఆ చట్టం రాసినాయనకి అత్త లేదు కాబోలు.”

“నవ్వులాట కాదు. మిమ్మల్ని తీసుకెళ్ళి సభ మధ్యలో నిలబెడతారు. స్పీకరుగారు అందరి ముందూ మందలిస్తారు.”

“నిలబెట్టమను. మోకాళ్ళ నొప్పులు, కుర్చీ వెయ్యండి బాబూ అంటా. మందలించమను. నీ మామగారు ముప్ఫైరెండేళ్ళు మందలించారు, అరిగిపోయానా? జైల్లో వేస్తారా?”

“వెయ్యొచ్చు.”

“జైల్లో ఉన్న నాన్నమ్మ మేలు. ఫొటోలో ఉన్న మనవరాలి కంటే మేలు. మా గోడ మీద ఒక ఫొటో ఉంది చాలు.”

“నాన్నమ్మా, ఆ ఫొటో నాన్నదా?”

“నాన్నదే. నువ్వు గియ్యి. ఆ ఇంటికి తలుపు పెట్టలేదేంటి?”

“అమ్మ తియ్యి తియ్యి అంటోందని తలుపే పెట్టలేదు.”

“చూశారా అత్తయ్యా, పిల్లకి కూడా తెలుసు. ఒక్క మాట చెప్తా, వినండి. నన్ను తీసేస్తే అటు నలభై మంది, ఇటు నలభై మంది. తెలుసా?”

“ఎటు నలభై?”

“రిపోర్టు నిలబెట్టి ఆ ఫ్యాక్టరీ రంగుల తొట్లు మూయించి, యజమాని మీద కేసు పెట్టాలనేవాళ్ళు నలభై. వద్దనేవాళ్ళు నలభై. మధ్యలో నేనొక్కదాన్ని. అందుకే నేను వెళ్ళి తీరాలి.”

“నువ్వెళ్ళకపోతే ఏమవుతుంది? సమానమైతే ఎవరు గెలిచినట్టు?”

“అప్పుడు… అప్పుడు స్పీకరుగారు ఓటేస్తారు. మామూలుగా ఆయన వెయ్యరు. సమానమైతేనే.”

“ఆయన ఎటేస్తాడు?”

“ఎటో ఒకవైపు.”

“ఆహా. ఎటు?”

“…కమిటీ రాసింది నిలబెట్టడం ఆ కుర్చీకి ఆనవాయితీ. ఇప్పటిదాకా ఏ స్పీకరూ తప్పలేదు.”

“అంటే నువ్వు లేకపోయినా ఆ తొట్లు మూతపడతాయి! పడతాయా లేదా?”

“పడతాయి.”

“ఓసి పిచ్చిదానా! మరెందుకే ఈ ఉరుకులు? పాము చావకూడదు, కర్ర విరగకూడదు అంటారు. ఇక్కడ పామూ చస్తుంది, కర్రా విరగదు! వేసేది ఆయన, మాట పడేది ఆయన. నా కొడుకుని మింగిన తొట్లు మూతపడతాయి, నా మనవరాలు బడికి పోతుంది. ఎవరైనా అడిగితే మా అత్త ముసలి ముండ, మతి తప్పి గడియ పెట్టిందను. నేను ఒప్పుకుంటా. ఏదీ, ఇంకా ఎందుకు వెళ్ళాలో చెప్పు.”

“వెళ్ళాలి.”

“అదే, ఎందుకని?”

“వెళ్ళాలి అంతే.”

“అంతే అంటే?”

“అంతే! అంతే అత్తయ్యా! అన్నీ మీకు చెప్పలేను! దయచేసి తియ్యండి!”

“ఏడుస్తున్నావా? …ఏడవకమ్మా. ఇదిగో, తలుపు సందులోంచి నా వేళ్ళు కనపడుతున్నాయా? పట్టుకో. ఎంత చల్లగా ఉన్నాయే నీ చేతులు!”

“నాన్నమ్మా, ఎవరో తలుపు కొడుతున్నారు. వీధి తలుపు.”

“ష్! కదలకు. నువ్వూ మాట్లాడకమ్మాయ్. …ఎవరూ?”

“నేనేనండి పెద్దమ్మగారూ, వాచ్‌మన్‌ని. మెంబరుగారున్నారా?”

“ఎందుకు?”

“కింద కారొచ్చిందండి. మేడంగారి కోసమేనట.”

“సభ కారా?”

“సభ కారుకి బోర్డుంటుందిగా. దీనికేం లేదండి. నల్ల కారు. డ్రైవరు దిగట్లేదు, అద్దం ఇంత దించి చెప్పి మళ్ళీ ఎక్కించేశాడు. ఇంజను కూడా ఆపలేదు.”

“కోడలు ఇంట్లో లేదు. ఎప్పుడో నడిచి వెళ్ళిపోయింది.”

“పొద్దుట్నుంచీ గేటు దగ్గర నేనే ఉన్నానండి. దాటలేదే!”

“అయితే కళ్ళజోడు తుడుచుకో నాయనా.”

“తలుపు కొంచెం తియ్యండి, ఒక మాట—”

“తల స్నానం చేశాను, తియ్యను.”

“లోపల ఏదో గదిలో కదిలినట్టు…”

“పిల్లి.”

“క్వార్టర్లలో పిల్లుల్ని పెంచకూడదండి.”

“నేను పెంచట్లేదు, అదే వచ్చింది. వెళ్ళి ఆ కారతన్ని పొమ్మను.”

“నేను చెప్తే పోతాడాండి ఆ మనిషి! సరేలెండి, చూస్తా.”

“…వెళ్ళాడా పాపా? కింది సందులోంచి చూడు, కాళ్ళు ఉన్నాయా?”

“వెళ్ళిపోయాయి నాన్నమ్మా. ఒక చెప్పు తెగింది, తాడు కట్టుకున్నాడు.”

“హమ్మయ్య. చూశావా అమ్మాయ్, కారు కూడా పంపారు! నిన్ను ఎక్కించుకుని ఏ కాలవలో తోసేవాళ్ళో. ఆ కారెవరిది?”

“నాకేం తెలుసు?”

“నువ్వు కేక వెయ్యలేదేం? ఒక్క కేక వేస్తే వాచ్‌మన్ తలుపులు బద్దలుకొట్టి తీసేవాడు. సభ్యురాల్ని ఆపడం నేరమన్నావుగా. పిల్లిలా గప్‌చుప్‌గా ఉన్నావేం?”

“మిమ్మల్ని పట్టుకుపోతారని.”

“నా మీద అంత ప్రేమే?”

“ఉండకూడదా?”

“ఉండొచ్చు. అత్త లేని కోడలుత్తమురాలంటారు. నువ్వు అత్త ఉండీ ఉత్తమురాలివి. కానీ నీ గొంతు వేరేగా ఉంది. నాకు చదువు లేదు గానీ చెవులున్నాయి. నువ్వు ఏదో మింగలేక కక్కలేక ఉన్నావు. ఆ చేతిరుమాలాయన నిన్నూ కలిశాడా?”

“కలిశాడు.”

“ఎప్పుడు?”

“ముందే. మిమ్మల్ని కలవక ముందే.”

“మరి స్పీకరుకి చెప్పలేదా? మొన్న ఎవరో మెంబరుని ఫోన్లో బెదిరిస్తే సభంతా లేచి నిలబడిందని నువ్వేగా వచ్చి చెప్పావు! వాణ్ణి పిలిపించి చేతులు కట్టించి క్షమాపణ చెప్పించారన్నావు. నువ్వు నోటీసు ఇచ్చావా లేదా?”

“రాశాను.”

“ఇచ్చావా?”

“రాశానన్నానుగా.”

“రాయడం రాయడమే, ఇవ్వడం ఇవ్వడమే. ఎక్కడుంది?”

“…బ్యాగులో.”

“ఈ బ్యాగులోనా? బల్ల మీద ఉన్నదాంట్లోనా?”

“ముట్టుకోకండి! అత్తయ్యా, అది మీకెందుకు?”

“నాలుగు మడతల కాగితం. ఇదేనా? అచ్చు అక్షరాలైతే కూడబలుక్కుంటాను, నీ చేతిరాత నాకెక్కడొస్తుంది? పాపా, ఇలా రా. చదువు.”

“పాపతో చదివించకండి! పాపా, కింద పెట్టెయ్! అమ్మ చెప్తోంది, కింద పెట్టెయ్!”

“‘గౌరవనీయులైన స్పీకరుగారికి. సభాహక్కుల ఉల్… ఉల్లం… ఉల్లంఘన నోటీసు.’ ఉల్లంఘన అంటే ఏంటి నాన్నమ్మా?”

“గోడ దూకడం లాంటిది. చదువు.”

“‘ఈ నెల మూడో తారీఖున నేను సభ నుంచి వస్తుండగా ఒక వ్యక్తి నా దారికి అడ్డం నిలిచి, రంగుల ఫ్యాక్టరీ విషయంలో నా ఓటు గురించి మాట్లాడి, నా కూతురు బడి నుంచి ఏ గేటులోంచి వస్తుందో, జడకి ఏ రోజు నీలం రిబ్బను కడుతుందో, ఎవరి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటుతుందో…’ నాన్నమ్మా, ఇది నేనా?”

“చాలు.”

“నేనేనా?”

“చాలమ్మా. ఇటివ్వు. వెళ్ళి కిటికీ దగ్గర… వద్దు. కిటికీ దగ్గరికొద్దు. నా ఒళ్ళోకి రా.”

“పాపా! పాపా, అది ఉత్తిదే. అమ్మ కథ రాసింది.”

“కథలో రిబ్బను నీలం అని ఉందమ్మా. నాదీ నీలమే.”

“ఇవాళ తారీఖెంత పాపా?”

“పన్నెండు.”

“తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులుగా దీన్ని బ్యాగులో పెట్టుకుని తిరుగుతున్నావా? రోజూ సభకి తీసుకెళ్ళి, రోజూ వెనక్కి తెస్తున్నావా?”

“రోజూ ఇద్దామనే వెళ్తాను. స్పీకరుగారి గది ముందు బెంచీ ఉంటుంది. కూర్చుంటాను. ఇస్తే పైకి చదువుతారు అత్తయ్యా. నలుగురిలో చదువుతారు. పేపర్లో వస్తుంది. వాణ్ణి పిలుస్తారు, వాడు చేతులు కట్టుకుని క్షమించండి అంటాడు, వెళ్ళిపోతాడు. ఆ తర్వాత? మర్నాడు బడి గేటు దగ్గర స్పీకరుగారు నిలబడతారా? లేచి వచ్చేస్తాను.”

“అవును. ఎవరు నిలబడతారు?”

“మీకర్థమైంది కదా. అయితే తియ్యండి.”

“ఆగు. పాపా, మనం ఒక ఆట ఆడదాం. రెండు చెవులూ గట్టిగా మూసుకో. నేను నీ ముక్కు పట్టుకునేదాకా తియ్యకూడదు. తీస్తే ఓడిపోయినట్టు. ఊఁ, అలాగ.”

“ఏంటత్తయ్యా?”

“వినపడుతోందా నీకు? తలుపు దగ్గరికి రా. గట్టిగా చెప్పలేను.”

“ఇక్కడే ఉన్నా.”

“నా కొడుకు పోయే ముందు వారం ఒక కాగితం రాశాడు, గుర్తుందా?”

“గుర్తుంది. తొట్టిలో గాలాడట్లేదు, దిగేవాళ్ళకి తాళ్ళు లేవు, ముక్కుకి గుడ్డ కూడా ఇవ్వరు అని. నలుగురి చేత సంతకాలు పెట్టించారు. ఇన్‌స్పెక్టరుకి ఇద్దామనుకున్నారు. అది చొక్కా జేబులో ఉండిపోయి, మీరు ఉతికేటప్పుడు తడిసి ముద్దైంది.”

“తడవలేదు.”

“ఏంటి?”

“తడవలేదు తల్లీ. పొయ్యిలో పెట్టాను. చొక్కా ఉతుకుతానని తీసుకుని కాగితం చూశాను. ఏం రాసుందో తెలీదు, కానీ కింద నాలుగు సంతకాలు, ఒక వేలిముద్ర కనపడ్డాయి. వేలిముద్ర అంటే పెద్ద గొడవేదో అనుకున్నా. పని పోతుంది, వాళ్ళతో పెట్టుకుంటే బతకనివ్వరు, పసిగుడ్డుంది అనుకున్నా. టీ కాచుకుంటూ కాచుకుంటూ మంటలో పెట్టేశా. వాడికి తడిసిందన్నా. ‘పోనీలే అమ్మా, గురువారం సెలవు, మళ్ళీ రాస్తా’ అన్నాడు. బుధవారం తొట్టిలోకి దింపారు.”

“అత్తయ్యా…”

“ఆరేళ్ళయింది. ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఓట్లడగడానికి ఇల్లిల్లూ తిరిగి ‘మా ఆయన నోరు విప్పాడు, ఎవరూ వినలేదు’ అని చెప్తుంటే నేను వెనక నిలబడి కళ్ళు ఒత్తుకునేదాన్ని. అందరూ కొడుకు కోసమనుకునేవాళ్ళు. వాడు నోరు విప్పాడమ్మా. మూసింది నేను.”

“ఎందుకు చెప్తున్నారు ఇప్పుడు?”

“ఈ కాగితం నా చేతిలో ఉంది గనక. అదీ నాలుగు మడతలే, ఇదీ నాలుగు మడతలే. నాకు భయమేసినప్పుడల్లా ఒక కాగితం నా చేతికొస్తుంది కాబోలు. అప్పుడు పొయ్యి, ఇప్పుడు గడియ.”

“మీరు మంచికే చేశారు. రెండుసార్లూ.”

“మంచికే. అదే చెప్తున్నా. మంచికే చేసి కొడుకుని పోగొట్టుకున్నా. ఇందాక స్పీకరు ఓటేస్తాడులే అని సంబరపడ్డాను చూడు, ఎవరో చేస్తారులే, మనం తప్పుకుందాం అని… నాకు సిగ్గేస్తోంది.”

“సిగ్గెందుకత్తయ్యా. భయమేస్తే…”

“నీకు మాత్రం వెయ్యట్లేదా? తొమ్మిది రోజులు వేసినా ఇవాళ వెళ్తానని తలుపు బాదుతున్నావు. నువ్వు నాలాంటిదానివి కాదు. వాడి పెళ్ళానివి.”

“అలా అనకండి.”

“అంటాను. వాడే బతికుంటే—”

“నాన్నమ్మా, గంట!”

“నువ్వు చెవులు మూసుకోలేదూ?”

“మూసుకున్నా వినపడుతోంది!”

“అత్తయ్యా, గంట. పది నిమిషాలే.”

“ఉండు. ఉండు, లేవనీ. పాపా, చెయ్యివ్వు. ఈ పీట పక్కకి తొయ్యి. అబ్బ! ఈ గడియొకటి, పెట్టేటప్పుడు వెన్నలా పడింది. …ఊఁ. వచ్చింది. రా తల్లీ, బయటికి రా. రా మరి! ఇదిగో నీ బ్యాగు. ఇదిగో నోటీసు, మడత పెట్టకు, చేత్తోనే పట్టుకెళ్ళు. ముందు ఓటెయ్యి, వేసి నేరుగా స్పీకరు చేతిలో పెట్టు. బెంచీ మీద కూర్చోకు, కూర్చుంటే లేవలేవు. రేపు బడి గేటు దగ్గర నేను నిలబడతా. నాతో బాటు ఆ వేలిముద్ర వేసినాయన నిలబడతాడు, సంతకాలు పెట్టినవాళ్ళు నిలబడతారు. పిలిస్తే రారేంటి, ఇన్నాళ్ళూ ఎవరూ పిలవలేదు గానీ! ఏంటలా నిలబడిపోయావు? మొహం చూడు, సున్నం వేసినట్టుంది.”

“అత్తయ్యా…”

“వెనక మెట్ల మీంచి దిగు. వంటగదుల పక్క నుంచి నడిస్తే నాలుగు నిమిషాలు, నేను కూరగాయలకెళ్ళే దారే. ముందు వైపుకి మాత్రం వెళ్ళకు. ఆ నల్ల కారుంది.”

“ఆ కారులోనే వెళ్ళాలి.”

“మతి పోయిందా?”

“అది నా కోసమే వచ్చింది. పదకొండింటికి ముందే పంపిస్తామన్నారు.”

“ఎవరన్నారే?”

“చేతిరుమాలాయన. నిన్న ఫోన్లో.”

“వాడి కారెక్కి నువ్వు సభకెళ్తావా? వాడికి ఎదురు ఓటెయ్యడానికి వాడే కారు పంపుతాడా?”

“ఎదురు కాదత్తయ్యా.”

“అంటే?”

“పాప జోలికి రామని మాటిచ్చాడు. నేనూ మాటిచ్చాను. నేను రాకపోతే సమానమవుతుంది, స్పీకరుగారు తొట్లు మూయించేస్తారు. అందుకే వాళ్ళకి నేను సభలో కావాలి. వాళ్ళ వైపు లేచి నిలబడటానికి.”

“…ఇందాకటి నుంచీ నువ్వు తలుపు బాదింది దానికా?”

“దానికే.”

“నాన్నమ్మా, గంట ఇంకా మోగుతోంది. అమ్మ వెళ్ళదా?”

“ఆగమ్మా. …తల్లీ, నా మొహం చూడు. ఇప్పుడు తలుపు తీసే ఉంది. నేను ఆపను. నేను చెప్పింది విన్నావు, పాప ఇక్కడుంది, కారు కిందుంది. ఏం చేస్తావు?”

“ఈ గుమ్మం దాటితే కారే ఎక్కుతాను అత్తయ్యా, నాకు తెలుసు. నేను మళ్ళీ లోపలికెళ్తాను. మీరు గడియ పెట్టండి. గంట ఆగేదాకా నేనెంత అరిచినా, ఏ ఒట్టు పెట్టినా, తియ్యకండి.”